ముందు నువ్వు తాగి చూడు

మా వీరాంజనేయులికి భయం. దేనికి అని అడిగితే సాయంత్రం దాకా చెప్పాలి. లిఫ్టంటే భయం, కుక్కంటే భయం, హైవే అంటే మరీ భయం. అమెరికాలో, టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో మేమంతా హైవే మీద పది నిమిషాల్లో వెళ్ళే యూనివర్సిటీకి వాడు సర్వీస్ రోడ్డు పట్టుకుని ముప్పావుగంట ముందు బయల్దేరేవాడు. ఆ పేరు పెట్టినప్పుడు వాళ్ళ నాన్నగారు ఏమనుకున్నారో మరి.

పోనీ మనలాగా భయాన్ని లోపల దాచుకుంటాడా అంటే అదీ లేదు. "నాకు భయంగా ఉంది" అని మైకు పట్టుకున్నట్టు చెప్తాడు. పాలడబ్బా మీద తేదీ ఇంకా వారం ఉన్నా సరే, గ్లాసులో పోసి నా చేతిలో పెడతాడు.

"ముందు నువ్వు తాగి చూడు."

నేను తాగి, కాసేపు బతికుంటే, అప్పుడు వాడు తాగుతాడు. ఎమ్మెస్ చదివిన రెండేళ్ళూ నాది ఇదే ఉద్యోగం.

వీడికి పూర్తిగా వ్యతిరేకం మా మూడో రూమ్మేట్ వినీత్. వరంగల్ పిల్లాడు. భయం అనే మాట వాడి నోట ఎప్పుడూ రాలేదు. వీరాంజనేయుల్ని ఏడిపించందే వాడికి అన్నం అరిగేది కాదు.

రెండువేల పది వేసవిలో, సెమిస్టర్ అయిపోగానే, ముగ్గురం అద్దెకారులో అరిజోనాలోని గ్రాండ్ కాన్యన్ వెళ్ళాం. లోయలోకి దిగే కాలిబాట మొదట్లోనే ఓ బోర్డు. ఒక్కరోజులో అడుగుదాకా దిగి పైకి రావాలని చూడొద్దని రాసి, పక్కనే ఎండదెబ్బకి వాంతి చేసుకుంటున్న మనిషి బొమ్మ వేశారు.

"తిరుపతి మెట్లు మూడుసార్లెక్కిన భై నేను. గిదెంత?" అన్నాడు వినీత్.

"నాకు భయంగా ఉంది" అన్నాడు వీరాంజనేయులు. వాడు రోజూ అనే మాటే కాబట్టి మేం పట్టించుకోలేదు.

తిరుపతిలో ఒంట్లో ఓపికుండగా ఎక్కుతాం. దర్శనం చేసుకుని, లడ్డూ తింటూ బస్సులో దిగుతాం. ఇక్కడ దిగడం ముందు, ఎక్కడం తర్వాత. బస్సు లేదు. ఇంత చిన్న సంగతి మా బుర్రలకి తట్టలేదు.

వినీత్ పరుగులాంటి నడకతో దిగాడు. వాడి నీళ్ళన్నీ దిగేటప్పుడే తాగేశాడు. వీరాంజనేయులు కొండని బల్లిలా కరుచుకుని దిగాడు. వాడి వీపు మీద పెద్ద సంచి. అందులో నీళ్ళసీసాలు, చిప్స్ పొట్లాలు. దాహమేస్తుందేమోనని భయం, ఆకలేస్తుందేమోనని ఇంకో భయం.

అడుగుదాకా పోలేదు గానీ, చాలా దూరమే దిగి వెనక్కి తిరిగాం. అప్పుడు తలెత్తి చూశాను. పై అంచు ఆకాశంలో ఎక్కడో ఉంది. ఎక్కుతున్నకొద్దీ అది ఇంకా పైకి జరుగుతున్నట్టు అనిపించింది. సూర్యుడు సరిగ్గా నెత్తిమీద. దారికి ఒక పక్క ఎర్రటి రాతిగోడ, రెండో పక్క ఏమీ లేదు. నా కాలికింద గులకరాయి ఒకటి జారింది. అది అడుగున పడ్డ చప్పుడు కూడా వినపడలేదు. నేను గోడవైపు జరిగాను.

కాసేపటికి వినీత్ వాగుడు ఆగిపోయింది. మొహం కందిపోయింది. అడుగులు తడబడుతున్నాయి.

"కాసేపు ఆగుదామా?" అన్నాను.

"నాకేమైంది? నడువ్" అన్నాడు, నావైపు చూడకుండానే.

అంతలో వీరాంజనేయులు ఒక బండనీడలో కూలబడ్డాడు. "నాకు భయంగా ఉంది. వినీత్ పక్కన కూర్చుంటే గానీ లేవను."

"పిరికోడా!" అని వినీత్ కూర్చున్నాడు. తిట్టడానికి ఒకడు దొరికినందుకు ప్రాణం లేచొచ్చినట్టుంది.

వీరాంజనేయులు సీసా తీశాడు. "ఎండకి నీళ్ళు పాడైపోయాయేమో. ముందు నువ్వు తాగి చూడు."

వినీత్ గడగడా తాగాడు. "మంచిగనే ఉన్నయ్ రా."

"చిప్స్? మెత్తబడ్డాయేమో?"

అవీ తిన్నాడు.

"నెత్తిమీద చన్నీళ్ళు పోసుకుంటే గుండె ఆగిపోతుందేమోరా. ముందు నీ మీద పోసి చూస్తా."

"ఏమైతది? పోయ్ రా!"

ప్రతి మలుపులో ఇదే తంతు. నీడ కనిపిస్తే చాలు, వీడికి భయం. "చెయ్యి పట్టుకో" అంటాడు. "గోడవైపు నువ్వుండు, నువ్వు పడిపోతే నన్నెవడు పట్టుకుంటాడు?" అంటాడు. నేను వెనక నడుస్తూ, ఈ వేగంతో మేం చీకటిపడేలోగా బయటపడం, ఈ పిరికివాడి వల్ల ముగ్గురం ఇక్కడే పోతాం అని లోపల ఏడ్చుకున్నాను.

ఎండ వాలుతుండగా పైకొచ్చి పడ్డాం. వినీత్ మొహానికి చెమట పట్టింది, నోట్లో మాట తిరిగొచ్చింది. "వీణ్ణి నేనే గుంజుకొచ్చిన" అని పార్కింగ్‌లో కనిపించిన తెలుగువాళ్ళకల్లా చెప్పాడు.

"అవునండీ, వీడే లేకపోతే నా పని అయిపోయేది" అన్నాడు వీరాంజనేయులు.

వినీత్ వెనకసీట్లో నిద్రపోయాక, కారు నడుపుతూ వీరాంజనేయుల్ని అడిగాను. "అంత భయమేంట్రా నీకు?"

"భయం కాదా మరి? వాడికి చెమట ఆగిపోయింది, చూళ్ళేదూ? ఎండదెబ్బ అది. తాగరా అంటే తాగే రకమా వాడు?"

అప్పుడు వెలిగింది నాకు. వినీత్‌ని గోడవైపు నడిపించి, లోయ అంచున పైదాకా నడిచినవాడు వీడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"అంచున నడిచావు కదరా! భయం వెయ్యలేదూ?"

"చచ్చేంత! నువ్వు హైవే ఎక్కకురా బాబూ, సర్వీస్ రోడ్డు ఏమన్నా ఉందేమో చూడు."

అరిజోనా ఎడారిలో సర్వీస్ రోడ్డు ఎక్కడుంటుంది! వాడు కళ్ళు మూసుకున్నాడు, నేను మెల్లగా పోనిచ్చాను.

తర్వాతి సెమిస్టర్‌లో పరీక్షల కంగారుతో నాకు ముద్ద దిగడం లేదు. ఒకరోజు పొద్దున్నే వీరాంజనేయులు పాలగ్లాసు నా చేతిలో పెట్టాడు.

"విరిగిపోయాయేమో. ముందు నువ్వు తాగి చూడు."

తాగి చూశాను. పాలు బాగానే ఉన్నాయి. అడుగున ఓ చెంచాడు బూస్ట్ కూడా ఉంది.