వినబడని మాటకు సాక్ష్యం

నాటక సమాజంలో ఆవిడని అందరూ గుసగుసక్క అనేవారు. రంగం పక్కన, తెర చాటున పీట మీద కూర్చుని, నాటకం రాతప్రతి ఒళ్ళో పెట్టుకుని, నటులు మరిచిపోయిన మాట అందించడం ఆవిడ పని. ఇరవై రెండేళ్ళుగా అదే పీట. పెదవి కదిలేది కాదు. మాట మాత్రం నటుడి చెవిని చేరేది. మొదటి వరసలో కూర్చున్నవాళ్ళకైనా వినబడేది కాదు.

ఇంట్లో సంగతి వేరు. భర్త పోయాక మిగిలింది తనూ అత్తగారూ. అత్తగారికి బొత్తిగా చెవుడు. "మా కోడలు నన్ను అన్నానికి పిలిస్తే వీధి వీధంతా చేతులు కడుక్కుంటుంది" అని ఆ పెద్దావిడే నవ్వేది.

ఆవిడ పగలు ఇస్త్రీ పని చేసే లాండ్రీ మూతపడింది. బిస్కెట్ల ఫ్యాక్టరీలో పని ఇస్తామన్నారు గాని సాయంత్రం షిఫ్టు. సోమవారంలోగా ఏదో ఒకటి చెప్పమన్నారు. ఒప్పుకుంటే రిహార్సళ్ళు లేవు, పీట లేదు.

ఆ వారమే, కళాకారులకూ కళను నమ్ముకుని తెర వెనక పనిచేసేవారికీ మూడేళ్ళపాటు నెలనెలా భృతి ఇస్తారని ప్రకటన వచ్చింది. ఎదురింట్లో ఉండే సమాజం లైట్లతను తనకోసం ఫారం తెచ్చుకుంటూ, అడగకుండానే ఆవిడకీ ఒకటి తెచ్చిపెట్టాడు.

అన్నీ నింపింది. ఒక్క గడి దగ్గర కలం ఆగింది. 'మీ పనిని ప్రజలు చూసినట్టు గాని, విన్నట్టు గాని ఆధారం.'

"మహారాజుని అడగవే. ఒక్క సంతకం పెడితే ఆయన కిరీటం ఊడిపోతుందా?" అంది అత్తగారు.

ఎప్పుడూ రాజు వేషాలే వేసే పెద్ద నటుడికి మహారాజని పేరు. తనకి మాట అందించేవాళ్ళతో పనే లేదని ఆయన పదిమందిలో చెప్పుకుంటాడు. ఆవిడ ఏనాడూ కాదనలేదు. పని నేర్పిన ముసలాయన మొదటి రోజే చెప్పాడు: "ఎవరు ఎక్కడ మరిచిపోయారో నీకూ దేవుడికీ తప్ప తెలియకూడదమ్మా."

"ఎవరినీ అడగను అత్తయ్యా. వాళ్ళ మరుపు అమ్ముకుని నేను తినలేను" అంది. అత్తగారికి వినబడేలా అనాలి కనుక, ఆ మాట ఎదురింటికీ వినబడింది.

శుక్రవారం ఆఫీసుకి పిలిచారు. బల్ల వెనక ఒక అధికారిణి, పక్కన గుమాస్తా.

"ఈ గడి ఖాళీగా వదిలేశారేమ్మా?"

"ఎవరికీ వినబడకపోవడమే నా పనండీ. వినబడితే ఆ రోజు తప్పు చేసినట్టే."

"మరి మేం ఎలా నమ్మేది?"

ఆవిడ సంచీ సర్దుకుని లేవబోతుంటే గుమ్మంలో గొంతు సవరించుకున్న చప్పుడు. మహారాజు. వెనకాల దొంగచూపులు చూస్తూ లైట్లతను.

"నేనండీ సాక్షిని" అన్నాడు మహారాజు. "మూడో అంకంలో, వెళ్ళగొట్టిన కొడుక్కి రాజు కబురు పంపే చోటుంది. ఇరవై రెండేళ్ళుగా అక్కడికొచ్చేసరికి నా బుర్ర ఖాళీ. చప్పట్లు నావి, మాట ఈవిడది."

"వద్దండీ" అంది ఆవిడ, తల వంచుకుని.

"ఊరుకో అక్కా. ఇన్నాళ్ళూ నువ్వు దాచావు, ఇవాళ నన్ను చెప్పనీ."

"ఏదీ, ఆ చోటు ఒకసారి చెప్పండి" అంది అధికారిణి.

మహారాజు నిటారుగా నిలబడ్డాడు. "బాబూ, నిన్ను పొమ్మన్న నోటితోనే రమ్మంటున్నాను. ఈ కోటకి ఎన్నో తలుపులున్నా..." కిటికీ వైపు చూశాడు, ఒక్క ఊపిరి తీసుకున్నాడు. "నువ్వు వెళ్ళిన తలుపు మాత్రం నేటికీ మూయలేదు."

అధికారిణి కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"బాగుంది. మరి మరిచిపోయే చోటు ఎప్పుడొస్తుంది?"

"వచ్చి వెళ్ళిపోయిందమ్మా" అన్నాడు మహారాజు. "తలుపులున్నా దగ్గర. ఈవిడ అందించింది."

అధికారిణి గుమాస్తా వైపు చూసింది. "నేను ఈవిడకి ఇంత దగ్గర్లో ఉన్నాను మేడమ్. నాకేం వినబడలేదు" అన్నాడతను, తప్పంతా తనదే అన్నట్టు.

అధికారిణి చిన్నగా నవ్వి, కలం తీసి, ఆ ఖాళీ గడిలో తన చేత్తోనే రాసింది: 'నా ఎదుట జరిగింది. నాకు వినబడలేదు.' కింద సంతకం పెట్టింది.

బయటికొచ్చాక గుసగుసక్క అంది, "నా మూలాన మీ పేరు పోయిందండీ."

"పోతే పోయింది. మోయలేక చచ్చాననుకో" అన్నాడు మహారాజు. మెట్ల మీద ఆవిడ సంచీ తనే అందుకున్నాడు.

శనివారం సాయంత్రం ఆఫీసు తలుపుకి జాబితా అంటించారు. చివరి నుంచి రెండో పేరు ఆవిడది. మనసులోనే దేవుడికి దండం పెట్టుకుని, ఆ దారినే ఫ్యాక్టరీకి వెళ్ళి రానని చెప్పేసి ఇంటికొచ్చింది.

"అత్తయ్యా, భృతి వచ్చింది. నాటకం మానక్కర్లేదు."

"ఆఁ? ఎవరొచ్చారే?"

ఇంకాస్త గొంతు పెంచి చెప్పింది. ఎదురింటి కిటికీ తెరుచుకుంది.

"మా అందరికీ వినబడిందక్కా" అన్నాడు లైట్లతను. "ఇక పెద్దమ్మగారికి తీరిగ్గా చెప్పుకోండి."