సోంబరు కట్టిన తొట్టి

కాఫీ గింజను పంటి కింద కొరికి, ఎన్నాళ్లు ఎండిందో చెప్పగల మనిషి ఎగువవలస సోంబరు. డుంబ్రిగుడ సంతలో వ్యాపారుల దగ్గరుండే తేమ మిషను తప్పు చెప్పవచ్చు గానీ సోంబరు పళ్లు చెప్పవని చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో పేరు. ఆ పేరంటే అతనికి కాస్త ఎక్కువ ఇష్టమే. అరవై దాటినవాడు, తలపాగా తీస్తే నున్నటి బుర్ర, కాళ్లు మాత్రం ఇప్పటికీ కొండమేక కాళ్లు. ఇంత తెలిసినవాడికి ఇంటి ముందు పారే గెడ్డ సంగతి తెలియడానికి మాత్రం ఏళ్లూ పూళ్లూ పట్టింది. తెలివైనవాడి తప్పు అంత తొందరగా బయటపడదు మరి.

గెడ్డంటే పెద్ద ఏరేం కాదు. కొండ నెత్తిన ఊటలో పుట్టి, కాఫీ తోటల నీడన ఎగువవలస పక్కగా దిగి, అరమైలు కిందున్న దిగువవలసను ఒరుసుకుంటూ పోతుంది. ఎగువవలస వాళ్లు వాడుకుని వదిలిన నీళ్లే దిగువవలస తాగాలి. ఆ దిగువవలసకే సోంబరు తన చెల్లెలు ముత్యాలమ్మను ఇచ్చాడు. ఇచ్చాడనడం ఊరికే కాదు. అమ్మా నాన్నా ఒకే వానాకాలంలో జ్వరాలతో పోతే, పన్నెండేళ్ల సోంబరు నాలుగేళ్ల చెల్లెల్ని చంకనేసుకుని పెంచాడు. చోడి అంబలి కాచి పోసేవాడు. పిల్ల ఒక గుక్క తాగి మూతి తిప్పుకునేది.

"ఉప్పు సాల్లేదు."

రోజూ అదే మాట. ఉన్న ఉప్పంతా కుమ్మరించినా అదే మాట. పెళ్లయి వెళ్లాక కూడా పండక్కి వస్తే అన్న చేతి వంటే కావాలి, తిన్నాక వంకా పెట్టాలి. సోంబరు భార్య బతికున్న రోజుల్లో కూడా, చెల్లెలు వచ్చిందంటే గరిటె తనే పట్టుకునేవాడు. ఆ వంక వినకపోతే అతనికి పండగ అయినట్టే ఉండేది కాదు.

అలాంటి చెల్లెలు తొమ్మిదేళ్ల పాటు అతని ఇంట్లో మెతుకు ముట్టలేదు. కారణం సోంబరు కట్టిన తొట్టి.

కాఫీ పళ్లను కోసి అలాగే ఎండేస్తే తక్కువ ధర. మిషనులో తొక్క ఒలిచి, గింజను ఒక పూట పులియబెట్టి, జిగురు పోయేదాకా కడిగి ఎండబెడితే మంచి ధర. ఆ పని ఎగువవలసలో మొదట నేర్చింది సోంబరు. కడగడానికి నీళ్లు కావాలి, నీళ్లు గెడ్డలో ఉన్నాయి. ఇంకేం, ఒడ్డునే సిమెంటు తొట్టి కట్టాడు. తొక్కా జిగురూ వాటంతటవే గెడ్డలోకి జారిపోయేవి. మోసే పని లేదు, ఎత్తే పని లేదు. ఈ సుళువు చూసి ఊరంతా అదే వరసన తొట్లు కట్టుకుంది. మొత్తం పదకొండు. సోంబరే కట్టాడంటే ఇక అడిగేదేముంది!

మూడేళ్లు తిరిగేసరికి గెడ్డ పులిసిపోయింది. కాఫీ కడిగే చలికాలం మొదలు ఎండలు ముదిరేదాకా నీళ్ల మీద గోధుమరంగు నురగ. రాళ్ల కింద పీతలు కనబడడం మానేశాయి. దిగువవలస పిల్లలకు కాళ్లు దురదలు. ఆ ఏడు చైత్రంలో మామిడి కొత్త పండగ వచ్చింది. కొత్త మామిడికాయ దేవతకు పెట్టకుండా అక్కడెవరూ నోట్లో వేసుకోరు. నైవేద్యం గెడ్డ నీళ్లతోనే వండాలని ఆ రెండు ఊళ్ల కట్టుబాటు. దిగువవలసలో ఆ వంట ముత్యాలమ్మది. కుండ మూత తీసేసరికి గుప్పున కంపు కొట్టింది. పూజ చేసే దిసారి మారుమాటాడకుండా ఊరందరి ముందూ కుండ బోర్లించేశాడు. ముత్యాలమ్మ ఆ ఖాళీ కుండతోనే కొండెక్కి అన్న వాకిట్లో నిలబడింది.

"నీ తొట్టి నీల్లే అన్నియ్యా ఇయ్యి. వాసన సూడు."

"పండు తొక్కకి నీరు సెడిపోద్దేటి?" అన్నాడు సోంబరు. "అడివిల ఆకు రాల్తాది, కాయ రాల్తాది. గెడ్డకేటైనాది? ఆ నీలగిరి సెట్లు నీరంతా తాగేత్తన్నాయి. అందుకే ఈ కంపు."

"సరే. ఈ గెడ్డ నీటితో మా ఊర్ల నైవేద్దెం ఉడికిననాడే నీ ఇంట మెతుకు ముడతాను."

అన్నంత పనీ చేసింది. మంచికీ చెడుకీ వచ్చేది, గుమ్మంలో కూర్చునేది, ఇంటి నుంచి ఆనపబుర్రలో తెచ్చుకున్న అంబలి తాగి వెళ్లిపోయేది. ఆమె మొగుడు భీమన్న మాత్రం పీట వాల్చుకుని కూర్చునేవాడు. "ఒట్టు నీ సెల్లిది బావా, ఆకలి నాది. ఒడ్డించు" అనేవాడు. సోంబరు నవ్వేవాడు గానీ, ఎదురుగా ఖాళీగా ఉన్న రెండో పీట చూస్తే ముద్ద దిగేది కాదు. అలాగని ఒప్పుకున్నాడా అంటే, అదీ లేదు. పండు తొక్కేం చేస్తుందన్న మాట దగ్గరే ఏడేళ్లు కూర్చున్నాడు.

చివరికి అతన్ని అక్కణ్ణుంచి లేపింది కోడలు హేమలత. పాచిపెంట ఊరి పిల్ల, మాట తక్కువ. ఒక చలికాలం పొద్దున తొట్లకు ఎగువన, నీళ్లు ఇంకా తేటగా ఉన్నచోట రెండు పీతల్ని పట్టి తెచ్చింది. రెండు కుండలు పెట్టింది. ఒకదాంట్లో ఎగువ నీళ్లు, రెండోదాంట్లో తొట్టి నుంచి జారే నీళ్లు. ఒక్కోదాంట్లో ఒక పీతను వేసింది.

"సూత్తుండు మావా, నాను అంబలి కాసుకొత్తాను" అని లోపలికి వెళ్లింది.

సోంబరు చూస్తూనే ఉన్నాడు. అంబలి కాగేలోపు రెండో కుండలో పీత కాళ్లు ముడుచుకుని వెల్లకిలా పడింది. మొదటి కుండలోది ఇంకా గోడ పాకుతోంది. అతను ఆ రోజు అంబలి తాగలేదు. మర్నాడు కొడుకు మిషను తిప్పబోతే వద్దన్నాడు.

ఆ వారం సంతకు రెండు ఊళ్ల వాళ్లూ వచ్చారు. సోంబరు తలపాగా తీసి చేత్తో పట్టుకుని దిగువవలస వాళ్ల ముందు నిలబడ్డాడు.

"తప్పు నాదే. మొదటి తొట్టి నాను కట్టినాను. నన్ను సూసి అందరూ కట్టినారు. మీరేటన్నా పడతాను."

తిడతారనుకున్నాడు. తిట్టినా బాగుండేదనుకున్నాడు. ముత్యాలమ్మ పక్కకు చూస్తూ కొంగుతో మొహం తుడుచుకుంది. భీమన్న గొంతు సవరించుకున్నాడు.

"మాటకి నీరు తేర్తాదేటి బావా? రేపు గునపాలట్టుకుని వత్తాం. మీ ఊరోలని గూడా లెగమను."

నిజంగానే వచ్చారు. చెడగొట్టింది పై ఊరు, బాగుచేయడానికి ముందు వచ్చింది కింది ఊరు! వాళ్ల అంబలి వాళ్లే మోసుకుని వచ్చారు. ఒకరి పొలంలో పనికి ఊరంతా కదలడం ఆ కొండల్లో మామూలే గానీ, నీళ్లు పాడుచేసినవాడి తొట్టి పగలగొట్టడానికి, నవ్వుతూ, పాటలు పాడుతూ రావడం సోంబరు ఎన్నడూ చూడలేదు. మొదటి సుత్తి దెబ్బ తనే వేశాడు. పదకొండు తొట్లూ పోయాయి. గెడ్డకు దూరంగా మిట్ట మీద గుంతలు తవ్వి, కడుగు నీళ్లు వాటిలో ఇంకేలా చేశారు. గెడ్డ అడుగున మోకాలి లోతున పేరుకున్న నల్లటి కుళ్లును తట్టలతో ఎత్తి కాఫీ చెట్ల మొదళ్లలో పోశారు. ఒడ్డు కోతపడిన చోట వెదురు నాటారు. వారానికి ఒక రోజు, ఒక చలికాలం, ఒక వేసవి. ఎవరికీ కూలి లేదు. కడగడానికి నీళ్లు మిట్టకు మోయాల్సి రావడంతో కొందరు గొణిగారు, సోంబరు కావిడి భుజానెత్తుకోగానే నోరు మూసుకుని తామూ ఎత్తుకున్నారు.

అసలు పరీక్ష రెండో చలికాలంలో వచ్చింది. సముద్రం మీద తుపాను పట్టి మూడు రోజులు విడవని వాన. గుంతలన్నీ నిండిపోయాయి. సోంబరు ఇంట్లో ఆ ఏటి పంటలో సగం పులిసి కడుగుడుకు సిద్ధంగా ఉంది. ఆ పూట కడగకపోతే గింజ కంపు కొట్టి ఎందుకూ పనికిరాదు. కడిగితే ఆ నీళ్లు పోయడానికి గెడ్డ తప్ప చోటు లేదు. కొడుకు అతని మొహంలోకి చూశాడు.

"ఒగ్గీయ్‌రా. పోతే పంటే పోద్ది" అని సోంబరు చూరు కింద కూలబడ్డాడు.

మధ్యాహ్నానికి వానలో కింద నుంచి, తడవకుండా కప్పుకున్న ఆకు గిడుగులు వరసగా ఎక్కి వస్తూ కనిపించాయి. కబురు ఎవరు చేరవేశారోగానీ, దిగువవలస నుంచి నలభై మంది. ముందు ముత్యాలమ్మ, నెత్తిన బిందె. మిట్టకు ఇంకా పైన కొత్త గుంత తవ్వి, వాన నీరు దిగకుండా చుట్టూ గట్టు వేశారు. సోంబరు గింజ కడుగుతుంటే, ఆ జిగురు నీళ్లు బిందెలతో మోసి గుంతలో పోశారు. చుక్క గెడ్డలో పడనివ్వలేదు.

"నా గింజ కోసం ఇంత కట్టమేటమ్మా" అన్నాడు సోంబరు.

"నీవు మా గెడ్డ కోసం పంట ఒగ్గీడానికి కూకున్నావు. మేం నీ గింజ ఒగ్గెత్తామేటి?" అంది ముత్యాలమ్మ. "బేగి కడుగు, సలేత్తంది."

నలభై మందికీ చేతులెత్తి దండం పెట్టాడు సోంబరు. ఆ రోజు తరిగింది ఏమైనా ఉంటే అతని గీర మాత్రమే, గింజ ఒక్కటి కూడా పోలేదు. పని ముగిశాక అందరూ వేడి అంబలి తాగారు. ముత్యాలమ్మ మాత్రం గుమ్మంలో కూర్చుని తన ఆనపబుర్ర మూత తీసుకుంది. ఒట్టు ఒట్టే.

చైత్రం వచ్చింది. మామిడి కొత్త నాడు పొద్దున్నే సోంబరు పొయ్యి వెలిగించి అన్నం వండాడు, కొత్త మామిడికాయ వేసి పప్పు పెట్టాడు. దేవతకు పెట్టేదాకా రుచి చూడకూడదు. రెండు పీటలు వాల్చాడు. దిగువవలస వెళ్లి, అక్కడ కుండ మూత తీసే క్షణం చూసే ధైర్యం లేదు. కింద డప్పులు మోగాయి, ఆగాయి. ఆగినవి ఎంతకీ మళ్లీ మోగలేదు. వాకిట్లోకి పది సార్లు వెళ్లి వచ్చాడు.

ఎండ నడినెత్తికి వచ్చేవేళ భీమన్న, వెనకే ముత్యాలమ్మ కొండెక్కి వచ్చారు. ఆమె చేతిలో ఆనపబుర్ర లేదు. గుమ్మం దాటి, లోపలికి వచ్చి, పీట మీద కూర్చుంది.

"ఒడ్డించన్నియ్యా. ఆకలేత్తంది."

సోంబరు గరిటె కోడలికి ఇవ్వకుండా తనే వడ్డించాడు. ఆ పక్కన గెడ్డ నీళ్ల చెంబు పెట్టాడు. ముత్యాలమ్మ ముందు చెంబెత్తి గుక్క తిప్పుకోకుండా సగం తాగింది. తర్వాత అన్నం కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. అన్నకేసి చూసి, చిన్నప్పటిలాగే మూతి తిప్పుకుంది.

"ఉప్పు సాల్లేదు."

సోంబరు తలపాగా తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "సాల్లేదా అమ్మా" అన్నాడు. "తెత్తానుండు, తెత్తాను" అంటూ ఉప్పు ఎక్కడుందో ఎదురుగా కనబడుతున్నా వెతుకుతూనే ఉన్నాడు.