ఎడమచేతి ఇస్త్రీ

ఒకప్పుడు మా పక్కింట్లో ఉన్న టీచరమ్మ పోయారని నెల్లూరు నుంచి వచ్చే తొలి బస్సు కండక్టరు కబురు తెచ్చాడు. "నిన్న సాయంత్రం పోయినారంటమ్మా. ఈ పొద్దు పదకొండుకి తీసకపోతారంట. నీకు చెప్పమన్నారు," అని మళ్ళీ బస్సెక్కి వెళ్ళిపోయాడు. ముగ్గు సగంలో ఉంది. పిండి ముంత పట్టుకుని అలాగే నిలబడ్డాను.

ఇది చదివేవారిలో ఆమె దగ్గర సైన్సు నేర్చుకున్నవాళ్ళు ఉండే ఉంటారు. మార్కులు వేయడంలో మహా పిసినారి అని వాళ్ళకు గుర్తుండవచ్చు. నేను ఆమె బడిలో చదవలేదు. అల్లూరులో మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య ఒక నడుమెత్తు గోడ, అంతే మా చుట్టరికం. చర్చికి పోయినా, బడికి పోయినా ఆమె సంచిలో బైబిలు పక్కన ఒక స్క్రూడ్రైవరు ఉండేది. వెలగని టార్చిలైటు ఎవరింట్లో కనబడినా అడక్కుండా సంచిలో వేసుకుపోయేవారు. తిరిగి రావడానికి రెండు వారాలు పట్టేది, కానీ వెలిగేది. ఎవరైనా గొంతు పెంచితే మాత్రం జవాబు చెప్పేముందు కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకునేవారు. ఆ కాస్తసేపట్లో అవతలివాళ్ళ కోపం సగం చల్లారిపోయేది.

నేను కోడలిగా వచ్చేనాటికి అల్లూరులో కరెంటు ఇంకా కొత్త. మా ఆయన మద్రాసు నుంచి తెచ్చుకున్న కరెంటు ఇస్త్రీపెట్టెను చూడటానికి వీధివాళ్ళు వచ్చేవారు. అప్పటిదాకా ఆయన చొక్కాలు ఆయనే ఇస్త్రీ చేసుకునేవారు. నేను వచ్చాక ఆ పని నా చేతికి వచ్చింది. నా చేతికి అంటే ఎడమచేతికి. నాది పుట్టుకతో ఎడమచేతి వాటం. తినడం, వడ్డించడం మా అమ్మ కొట్టి మరీ కుడిచేతికి మార్చింది గానీ, బలం పెట్టాల్సిన పనికి ఎడమచెయ్యే ముందుకు వచ్చేది.

మొదటిరోజే పెట్టె పట్టుకున్న కాసేపటికి టప్పుమని ఫ్యూజు పోయింది. మా ఆయన కొత్త తీగ కట్టి, మిగతా చొక్కాలు తానే చేసుకున్నారు. ఏమీ కాలేదు. రెండు రోజులాగి నేను పట్టుకున్నాను, మళ్ళీ పోయింది. మూడోసారీ అంతే. ఆయన చేతిలో బుద్ధిగా ఉండే పెట్టె నా చేతిలోకి రాగానే ఇల్లంతా ఆర్పేస్తోంది. అప్పుడు మా అత్తయ్య నోరు తెరిచింది.

"ఎడంచేత్తో నిప్పు ముట్టుకుంటే ఇంట్లో లక్ష్మి నిలస్తదా? ఈ పిల్ల అడుగు పెట్టిన కాడ్నించి ఇల్లు చీకటైపోతా ఉంది. శనివారం బస్సుకి పుట్టింటికి పంపించు. శాంతి చేయించుకోని, ఆ చెయ్యి మానుకోని రమ్మను."

మా పుట్టిల్లు వెంకటాచలం, ఒక పూట ప్రయాణం. దూరం గురించి కాదు నా దిగులు. శాంతి పేరు చెప్పి పుట్టింటికి పంపిన కోడలిని మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో ఎవరూ చెప్పలేరు. మా ఆయన తల్లికి ఎదురు చెప్పే మనిషి కాదు. శనివారం ఉదయానికి నా బట్టలు సర్దడం అయిపోయింది. అప్పుడు ఆయనకొక ఉపాయం తోచింది. అసలు పోని తీగే వేస్తే గొడవ వదులుతుంది కదా అని రాగితీగ నాలుగు పేటలు మెలిపెట్టి ఫ్యూజులో బిగించారు.

"ఇప్పుడు చెయ్యి. ఎట్టా పోతాదో చూస్తా," అన్నారు.

నేను పిడి పట్టుకున్నాను. చెమటకు చెయ్యి జారుతోంది.

"మెయిన్ తియ్ అబ్బాయ్! ముందు మెయిన్ తియ్!"

గోడ అవతలి నుంచి కేక. వెనకే కుచ్చెళ్ళు ఎగదోపుకుని గోడ దూకి టీచరమ్మ వచ్చారు. అంతసేపూ విన్నారన్నమాట. మెయిన్ స్విచ్ తామే ఆపి, ఫ్యూజు ఊడబెరికి, ఆ రాగితీగను మా ఆయన ముందు పెట్టారు.

"ఇది కాలదు నాయనా. ఇది కాలకపోతే గోడలో వైరు కాలతది, లేకుంటే నీ పెళ్ళాం కాలతది. ఫ్యూజు పోతా ఉందంటే యాడో తప్పుందని నీకు చెప్తా ఉంది. చెప్పేదాని నోరు కుట్టబాక."

"చెప్పేది మాకు తెలస్తానే ఉంది టీచరమ్మా," అంది అత్తయ్య. "మావాడు పట్టుకుంటే పోదు, ఆ పిల్ల పట్టుకుంటే పోతాది. ఇంకేం కావాల?"

టీచరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "సరే అక్కా. పిల్లదా దోషం, ఇంకోదానిదా అని తేలాల గదా. అబ్బాయ్, సన్నతీగే కట్టు. కట్టి, నువ్వు ఎడంచేత్తో చెయ్యి."

ఆయన చేతిలోనూ పోతే సరే. పోకపోతే నేను బస్సెక్కాలి. ఆయన సన్నతీగ కట్టి మెయిన్ వేశారు, ఫ్యాను తిరిగింది. పెట్టె వేడెక్కాక ఆయన ఎడమచేత్తో ఒకసారి తోశారు. ఏమీ కాలేదు. రెండోసారి తోశారు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. అత్తయ్య నావైపు చూసింది. నిజం చెప్పాలి, ఆ క్షణాన నాకు టీచరమ్మ మీదే ఒళ్ళుమండింది. ఈవిడను ఎవరు రమ్మన్నారు అనుకున్నాను. మూడోసారి ఆయన చొక్కా వీపు మీదుగా అంచుదాకా లాగారు. టప్. ఫ్యాను మెల్లగా ఆగిపోయింది.

"ఇప్పుడు శాంతి ఎవురికి చేయిద్దామక్కా?" అన్నారు టీచరమ్మ. నవ్వలేదు.

మెయిన్ ఆపి, ప్లగ్గు తీసి, పెట్టె వెనక వైరు మీది నూలు అల్లికను బ్లేడుతో చీల్చారు. ఉప్పుగాలికి లోపలి రబ్బరు పెళుసెక్కి పొలుసులుగా రాలింది. ఆ వైరు పెట్టె వెనకభాగంలో కుడిపక్కకు ఉంది. కుడిచేత్తో చేస్తే ఊరికే వేలాడుతుంది. ఎడమచేత్తో దూరంగా లాగితే పెట్టెలోకి పోయే మెడ దగ్గర మెలిపడి, లోపల బయటపడ్డ రాగితీగలు రెండూ ఒకదానికొకటి తగులుకుంటున్నాయి. జానెడు వైరు కోసి పారేశారు. కొత్త కొస బిగించే పని నాకిచ్చారు.

"ఎడంచేత్తోనే బిగించమ్మాయ్. నీకు పట్టు ఆ చేతిలోనే ఉంది."

ఆ శనివారం నేను బస్సెక్కలేదు. అత్తయ్య ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు, తప్పైందని అననూ లేదు. నేను ఎదురుచూడలేదని రాస్తే అబద్ధమవుతుంది. చాలా ఏళ్ళు చూశాను. టీచరమ్మ మాత్రం వీధిలో ఎవరింట్లో ఫ్యూజు పోయినా నన్ను వెంటబెట్టుకుపోయి పని నేర్పారు. "ముందు చూడు, తర్వాత తిట్టు," అనేవారు. బదిలీ మీద నెల్లూరు వెళ్ళిపోయాక ఆ వీధి ఫ్యూజులన్నీ నావే అయ్యాయి. నా కాపురం నిలబెట్టింది మీరేనని ఆమెతో ఒక్కసారైనా అనలేకపోయాను. ఇప్పుడు అదే బాధ.

నెల్లూరు బయలుదేరుతుంటే అత్తయ్య చెప్పులు వేసుకుని వచ్చింది. మోకాళ్ళ నొప్పులు, ఎందుకన్నా వినలేదు. సమాధుల తోటలో ఒక్కొక్కరే వంగి పిడికెడు మన్ను వేస్తున్నారు. నా వంతు వచ్చింది. వంగి తీసుకున్నాక గానీ చూసుకోలేదు, మన్ను ఎడమచేతిలో ఉంది. నలుగురూ చూస్తున్నారని గబగబా కుడిచేతిలోకి మార్చుకోబోయాను. వెనకనుంచి అత్తయ్య నా మోచెయ్యి పట్టుకుంది.

"మార్చబాక," అంది. "ఆయమ్మకి ఆ చేత్తోనే వెయ్యి."

వేశాను. అత్తయ్య నా మోచెయ్యి వదల్లేదు. మోకాళ్ళు వంగక, నా ఎడమచెయ్యి ఊతగా పట్టుకుని, తనూ మన్ను కోసం మెల్లగా కిందికి వంగింది.