నాన్న నోట్లో వెదురు బద్ద

మా చిన్నప్పుడు... దీవుల్లో, అందరూ హిందీ మాట్లాడే బతు బస్తీలో మా గుమ్మం ముందు నాన్న వల బాగుచేసుకుంటూ కూర్చునేవాడు. పక్కనే నేను. ఇద్దరి నోట్లోనూ చెరో వెదురు బద్ద!

నా కింది పళ్ళు పై పళ్ళకంటే ముందుకు ఉండేవి. బడిలో నాకు "ఉల్టా దాంత్" అని, అంటే తిరగబడ్డ పళ్ళని, పేరు పెట్టారు. నవ్వొస్తే చెయ్యి అడ్డం... పాఠం చదవమంటే పుస్తకం ముక్కుదాకా ఎత్తేదాన్ని.

అమ్మ పోరు పడలేక నాన్న నన్ను పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. పళ్ళ డాక్టరు గారు ఒక చదును పుల్ల చూపించారు. దాన్ని పై పళ్ళ వెనక పెట్టి, కింది పళ్ళ మీద ఆనించి నొక్కుతూ కొరకాలి. కొత్తగా వచ్చిన పళ్ళు కదా, పైవి మెల్లగా ముందుకు జరుగుతాయన్నారు. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని హిందీలో అడిగారు.

నాన్న తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, "మేరా భీ ఐసా హీ హై, సాబ్" అన్నాడు, తనకీ ఇలాగే ఉందని. ఆ మీసాల చాటున ఏముందో అప్పటిదాకా నేను గమనించనే లేదు!

ఆ సాయంత్రమే వెదురు చీల్చి, నున్నగా గీకి రెండు బద్దలు చేశాడు. రెండోది నాకు తోడుగా కాబోలు అనుకున్నా. కానీ ఎంత సిగ్గో... దారినపోయే బడి పిల్లలు ఆగి చూస్తుంటే ఆ వలలోకి దూరిపోవాలనిపించేది.

"నాన్నా, నువ్వు లోపలికెళ్ళిపో" అని గుసగుసలాడేదాన్ని.

"ఉండే అమ్మా, ఇంకాసేపు" అనేవాడు, పళ్ళ మధ్య నుంచే.

కొన్ని నెలలకి నా పై పళ్ళు ముందుకొచ్చేశాయి. అద్దం ముందు గెంతులే గెంతులు! నా బద్ద పారేశాను. నాన్న మాత్రం మానలేదు... పెరట్లో ఒక్కడే కూర్చుని కొరుకుతూనే ఉన్నాడు.

"నాకు సరైపోయింది కదమ్మా, నాన్నకెందుకు ఇంకా?" అనడిగాను.

అమ్మ చేపలు కడుగుతూ, "నీకు తోడనుకున్నావేటే? ఆయనకీ సిగ్గే. మా పెళ్ళిలో కూడా నోరిప్పి నవ్వనేదు" అంది.

పెద్దవాళ్ళ పళ్ళు అలా సరికావని ఆయనకెవరూ చెప్పలేదు. అడగడానికీ సిగ్గుపడ్డాడు, పిచ్చి నాన్న...

ఇప్పుడు మా అమ్మాయి పళ్ళకి క్లిప్పులు. రబ్బర్ల రంగు తనే ఎంచుకుంటుంది, ఫోన్ ఎత్తి పళ్ళన్నీ కనపడేలా నవ్వుతుంది. చూడ్డానికి ఎంత ముచ్చటో... మా పాత ఫోటోలన్నిట్లోనూ నాన్న నోరు బిగించుకునే ఉన్నాడు. తాతయ్య నవ్వు ఇదిగో అని దానికి చూపించడానికి ఒక్కటీ లేదు.

మీ పాత ఫోటోలు ఓసారి తీసి చూడండి... నోరు మూసుకుని నవ్వినవాళ్ళు మీ ఇంట్లో ఎవరున్నారు?