ఇద్దరికీ ఒకటే పైపు

కింది ఇంటి అక్క చనిపోయిన సంగతి నాకు మా ఇంటి ఓనరు ఫోనులో చెప్పాడు. నిజానికి ఆయన ఫోన్ చేసింది తాళంచెవి కోసం. "అన్నా, కింద అక్క తాళంచెవి నీ దగ్గర ఉండాదా? పొద్దున వాళ్ల చెల్లెలింట్లో తీరిపోయినాదంట. వాళ్లోళ్లు సామాను కోసం వస్తారంట," అన్నాడు. ఉందని చెప్పాను. ఫోన్ పెట్టేశాక స్టవ్ మీద పాలు పొంగిపోతుంటే, ఆపాలన్న ఆలోచన రాక చూస్తూ నిలబడ్డాను.

అనంతపురం పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి ఆమె. వీధిలో అందరికీ సిస్టరమ్మ. నాకు అక్క. పెండ్లి చేసుకోలేదు. శింగనమల దగ్గర పల్లెలో ఉండే చెల్లెలి కూతుర్ని తన దగ్గర పెట్టుకుని చదివించింది. ఎవరితో మాట్లాడినా ముందు ముఖం కాదు, మోచేతి మడత చూసేది. సూదికి నరం దొరుకుతుందా లేదా అని. అలవాటు పోలేదప్పా, అని తనే నవ్వేది. నా భార్య పోయి నేను ఈ పై పోర్షన్‌లోకి మారినప్పుడు కూడా అంతే. పలకరింపు లేదు, పరామర్శ లేదు. నా చెయ్యి చూసి, నీళ్లు తాగడం లేదు నువ్వు, అంది.

రెండేళ్లు మా మధ్య అంతకు మించి మాటల్లేవు. నేను బస్సు డిపోలో ఉద్యోగం అయిపోయి ఇంట్లో కూర్చున్నవాణ్ణి. ఒక్కోరోజు పొద్దున లేచినప్పటి నుంచి పడుకునే దాకా నోరు తెరిచే అవసరమే వచ్చేది కాదు. సాయంత్రం గొంతు సవరించుకుంటే నా గొంతు నాకే కొత్తగా ఉండేది.

ఆ తర్వాత ఆమెకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పట్టు తప్పింది. పనిమనిషి కుదరలేదు. బెంగళూరులో ఉద్యోగం చేసే ఆ చెల్లెలి కూతురు ఒక డిష్‌వాషర్ కొనిపెట్టింది. రోజు మార్చి రోజు నీళ్లొచ్చే వీధిలో గిన్నెలు కడిగే మిషన్ ఏమిటని చాలామంది నవ్వారు. చేత్తో కడిగితే దీనికంటే ఎక్కువ నీళ్లు పారబోస్తారు మీరు, అని ఆమె అందరికీ ఓపికగా చెప్పేది.

కొద్దిరోజులకే ఆ మిషన్ మొరాయించింది. గిన్నెలు కడుగుతుంది, అడుగున మురికి నీళ్లు మాత్రం పోవు. పైగా సింకులోకి నల్లటి నీళ్లు ఎగదన్నుతున్నాయి. కంపెనీ మనిషి రావడానికి వారం పట్టేట్టుంది. ఆమె మెట్ల కింద నిలబడి, ఏమప్పా, ఖాళీగా ఉన్నావా, అని పిలిచింది. నేను ఖాళీగా లేనిది ఎప్పుడు?

ఇద్దరికీ ఆ మిషన్ గురించి ఏమీ తెలియదు. దాంతో వచ్చిన పుస్తకం ఆమె కళ్లద్దాలు పెట్టుకుని చదివింది, నేను నేల మీద పడుకుని చెప్పినట్టు చేశాను. ముందు స్విచ్ తీసేశాం. అడుగున ఉన్న నీళ్లు చెంబుతో తోడాం. లోపలున్న జల్లెడలాంటి ఫిల్టర్ ఊడదీస్తే దాన్నిండా చెనిక్కాయల పొట్టు, ఎండి బంకలా అయిన సంగటి. పాత పళ్లబ్రష్‌తో కడిగాం. తర్వాత మిషన్ ముందుకు లాగి చూస్తే, నీళ్లు బయటికి పంపే గొట్టం గోడకు నొక్కుకుని మడత పడి ఉంది. మడత తీశాను. ఆ గొట్టాన్ని కొంచెం పైకెత్తి, వంపు తిప్పి కట్టాలని, లేకపోతే సింకు నీళ్లే వెనక్కి మిషన్‌లోకి వస్తాయని పుస్తకంలో ఉంది. పాత చీర అంచు చించి ఇచ్చింది, దాంతో కట్టాను. సింకు కింది మూత విప్పి అందులోని మడ్డి కూడా తీశాం.

మిషన్ చక్కగా ఖాళీ అయింది. ఇద్దరం కాఫీ తాగాం. నేను పైకి వెళ్లి నా గిన్నెలు కడుక్కుంటుంటే కింద నుంచి గరిటెతో పళ్లెం వాయించిన చప్పుడు. వంగి చూస్తే కిటికీలోంచి ఆమె చెయ్యి ఊపుతోంది.

"మిషన్ బందు చేసి ఉండాది. అయినా నీళ్లు వచ్చినాయి. ఇవి నీ నీళ్లప్పా. చారులో ఇంగువ ఎక్కువేసినావు నువ్వు."

అప్పుడు అర్థమైంది. రెండు వంటిళ్లకూ కిందికి పోయే పైపు ఒకటే. అది నేల కింద ఎక్కడో పూడుకుపోయింది. నేను పైన వదిలిన నీళ్లకు దారి లేక ఆమె సింకులో పైకి లేస్తున్నాయి. అది బాగు చేయాలంటే గచ్చు తవ్వాలి. ఓనరు ఇదిగో అదిగో అంటూ నెలలు గడిపాడు.

ఈలోగా మేమొక ఏర్పాటు చేసుకున్నాం. ఇద్దరూ ఒకేసారి నీళ్లు వదలకూడదు. నిదానంగా వదిలితే పైపు మెల్లగానైనా మింగుతుంది. నేను గిన్నెలు కడిగేముందు మెట్ల మీదికొచ్చి, అక్కా, నీళ్లు ఇడుస్తాండా, అనాలి. ఆమె మిషన్ నడవకపోతే, ఇడువప్పా, అంటుంది. అలా రోజూ పొద్దునా సాయంత్రమూ. ఆ మాటకు తోకగా ఇంకో మాట వచ్చేది. ఏం వండినావు, ఎండ ఎట్లుండాది, మందు వేసుకున్నావా. కొన్నాళ్లకు నేను గిన్నెలు లేకపోయినా ఒక గ్లాసు కడిగేవాణ్ణి.

ఒకసారి నాకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకుని పడుకున్నాను. ఎంతసేపు పడుకున్నానో తెలియదు. కళ్లు తెరిచేసరికి అక్క నా మంచం పక్కన నేల మీద కూర్చుని ఆయాసపడుతోంది. కాలు కూడా సరిగా సాగని మనిషి, ఒక్కో మెట్టు మీద కూర్చుంటూ వచ్చిందట. "నిన్నటి నుంచి నీళ్లు ఇడువల్యాదు నువ్వు. అందుకే వచ్చినా," అంది. అంతలోనే నా మోచేయి పట్టుకుని చూస్తోంది. ఆటో పిలిపించి ఆసుపత్రికి తీసుకుపోయింది. డెంగీ అన్నారు, ఆలస్యమైతే కష్టమయ్యేదన్నారు. సూది వెయ్యబోయిన నర్సుతో, ఎడమ చేతికి వెయ్యమ్మా, కుడిచేతి నరం జారిపోతాది, అంది. వార్డులో రోగులందరి చేతులూ చూసుకుంటూ తిరిగింది. నన్ను చూడటానికి వచ్చింది ఆమె ఒక్కతే.

చివరికి ఓనరు ప్లంబరును పంపాడు. తవ్వి తీస్తే పాత పైపు లోపల బోరునీళ్ల ఉప్పు తెల్లగా గట్టిపడి, దానికి సంగటి అంటుకుని వేలు దూరే సందు మాత్రమే మిగిలి ఉంది. రెండిళ్లకు వేరువేరు పైపులు వేశారు. అందరూ సంతోషించారు. మర్నాడు పొద్దున నేను గిన్నెలు సింకులో వేసి, అలవాటుగా మెట్ల మీదికొచ్చి, ఏం చెయ్యాలో తోచక ఆగిపోయాను. అక్క వాకిట్లో కుర్చీలో ఉంది.

"ఇంక చెప్పే పని లేదు కదా అక్కా," అన్నాను.

"పనుంటేనే చెప్తారా యాడన్నా? చెప్పప్పా, నాకు ఇనాలని ఉండాది," అంది.

చెప్పాను. ఆ తర్వాత కూడా ఆమె ఊరికి పోయిన రోజు దాకా చెబుతూనే ఉన్నాను. చెల్లెలి దగ్గర నాలుగు రోజులుండి వస్తానని, తాళంచెవి నా చేతిలో పెట్టి పోయింది. అక్కడ నిద్రలోనే గుండె ఆగిందట.

ఆ చెల్లెలి ఊళ్లో చర్చి పక్కన, టార్పాలిన్ పందిరి కింద జ్ఞాపకార్థ ప్రార్థన జరిగింది. నేను బస్సు దిగి నడిచి వెళ్లాను. పాటలయ్యాక భోజనాలకు కూర్చుంటే, పక్కనున్న ముసలామె నన్ను ఎగాదిగా చూసి, "ఏమవుతావప్పా మా సిస్టరమ్మకు?" అని అడిగింది. "పై ఇంట్లో ఉంటానమ్మా," అన్నాను. ఆమెకు అది సరిపోయినట్టుంది. ఇంకేమీ అడగకుండా కొంచెం జరిగి, తన చాప మీద నాకు చోటిచ్చింది.

బస్సుకు వచ్చేముందు సమాధి దగ్గరికి పోయాను. ఇంకా పచ్చిగా ఉన్న మట్టి దిబ్బ. గాలికి మీది మట్టి రేగి పోతోందని ఇద్దరు ఆడవాళ్లు బిందెతో నీళ్లు తెచ్చి చేతులతో చల్లుతున్నారు. తడిసిన చోటు నల్లబడి, వాళ్లు మళ్లీ దోసిలి ముంచేలోగా ఆరిపోతోంది. వాళ్లు చల్లుతూనే ఉన్నారు.