మా సత్తిబాబు వదిలేసిన వైరు

మన ఫ్యామిలీ గ్రూపులో అందరూ ఎలా ఉన్నారు?

రాజమండ్రి అక్కయ్యా, బీపీ మాత్ర వేసుకున్నావా? తణుకు వదినా, ఆయాసం తగ్గిందా? అమలాపురంలో పిల్లల జ్వరాలు నెమ్మదించాయా? మా ఆయన మోకాలు అలాగే ఉంది.

నేను రోజూ అందరి గురించీ బెంగపడతాను. సత్తిబాబు గురించి మాత్రం ఎప్పుడూ పడలేదు.

నిన్న పొద్దున వాడే పోయాడు.

కాకినాడలో షాపు షట్టర్ ఎత్తుతూ పడిపోయాడట. గుండెపోటు. వాడి భార్య పద్మ ఏడుస్తూ ఫోన్ చేస్తే, వాడికేమవుతుందిలే అని, "రాంగ్ నంబరమ్మా" అని పెట్టేశాను. మళ్లీ చేస్తేగానీ నమ్మలేదు.

మా ఆయన్ని ఒంటరిగా వదల్లేక కడసారి చూపుకి కూడా వెళ్లలేదు.

తెలియనివాళ్లకి చెబుతున్నాను. సత్తిబాబు మా చెల్లెలి కొడుకు. ఆఫీసులవాళ్లు వద్దనుకున్న పాత కంప్యూటర్లు, ప్రింటర్లు కొని, బాగుచేసి, స్కూళ్లకీ చిన్న షాపులకీ అమ్మేవాడు.

భీమవరంలో మా ఐస్ ఫ్యాక్టరీ మూసేశాక ఆఫీసులో ఆరు కంప్యూటర్లు మిగిలాయి. అమ్మనివ్వనని మొండికేశాను. మా దగ్గర పనిచేసిన ఆడవాళ్ల ఆధార్ కార్డులు, ఫోటోలు అన్నీ వాటిలోనే ఉన్నాయి. టీవీలో రోజూ మోసాలు చూపిస్తున్నారు. ఎవడి చేతిలో పడతాయోనని నా భయం.

అందరూ నవ్వారు. "ఐదో క్లాసు చదివినదానివి, నీకెందుకే కంప్యూటర్ల సంగతి?" అన్నారు మా ఆయన.

సత్తిబాబు నవ్వలేదు.

కుర్చీ తెచ్చి నన్ను పక్కన కూర్చోబెట్టాడు. "నువ్వు చూస్తుండగానే తుడిచేస్తా పెద్దమ్మా. అనుమానం వస్తే ఆపు."

ఆపుతూనే ఉన్నాను.

"డిలీట్ కొట్టావుగా, పోయినట్టేనా?"

"పోలేదు పెద్దమ్మా. అది పలక మీద ఉమ్మేసి చేత్తో తుడిచినట్టు. గీతలు కనపడతాయి. ఇప్పుడు కడుగుతున్నాను చూడు."

ఒకటి అసలు ఆన్ అవలేదు. దాని డిస్కు బయటకి తీసి, డ్రిల్లింగ్ మిషన్‌తో నా ముందే కన్నం పెట్టాడు.

"ఇప్పుడు నమ్మకమేనా?"

"ఇంకోటి పెట్టరా."

పెట్టాడు!

ఆటోలో ఎక్కిస్తుంటే నాకు ఇంకో భయం. గేదెని అమ్మితే పలుపుతాడు ఇవ్వం కదా, తాడుతోపాటు ఇంటి లక్ష్మి వెళ్లిపోతుందని. పరుగెత్తి వెళ్లి ఒక కంప్యూటర్ వైరు లాగేసుకున్నాను.

"వైరు లేకుండా అదెలా ఆన్ అవుద్దే!" అని మా ఆయన అరిచారు.

"ఉండనీ పెదనాన్నా. పలుపు నేను కొనుక్కుంటాను" అన్నాడు సత్తిబాబు.

ఆ తర్వాత ఏ ఆఫీసుకి వెళ్లినా ఒక వైరు వాళ్ల టేబుల్ మీదే వదిలి, "పలుపండీ, ఉంచుకోండి" అనేవాడట. ముందు నవ్వినవాళ్లే దాన్ని సొరుగులో దాచుకునేవారట. ఇంకోమాట కూడా అనేవాడట. "తుడిచేటప్పుడు మీలో బాగా అనుమానం మనిషిని నా పక్కన కూర్చోబెట్టండి. మా పెద్దమ్మలాంటి మనిషైతే మంచిది."

ఇదంతా పద్మ చెప్పేదాకా నాకు తెలియదు. నా అనుమానానికి అంత గౌరవం ఇచ్చినవాడు వాడొక్కడే.

ఇప్పుడు అసలు సంగతి. షాపులో ఒక ఆసుపత్రి నుంచి తెచ్చిన ముప్పై కంప్యూటర్లు తుడవకుండా ఉన్నాయి. ఎవరెవరి జబ్బులో, ఎవరెవరి రిపోర్టులో. తుడిచాకే అమ్ముతానని వాడు మాటిచ్చాడు. నిన్న దహనానికి వచ్చిన ఒకాయన, అన్నీ ఉన్నవి ఉన్నట్టు తీసుకుపోతాను, వ్యాన్ పంపుతాను అన్నాడట. మనవాళ్లే కొందరు, "ఇచ్చేయమ్మా, పీడా పోద్ది" అంటున్నారట.

అలా అనకండి. మీకు దణ్ణం పెడతాను. మనిషి పోయిన మర్నాడే వాడి మాట కూడా పోవాలా?

రాత్రి పద్మ అంది, "ఆయన దగ్గరే నేర్చుకున్నాను అత్తయ్యగారూ, తుడవడం నాకొచ్చు. పక్కన కూర్చునేవాళ్లే లేరు" అని.

సత్తిబాబూ, శాంతిగా పడుకో నాన్నా. బెంగపడటానికి నేనున్నాను.

పద్మా, వ్యాన్ వద్దని చెప్పు. వచ్చే వారం బుధవారం పెద్దకర్మకి మా ఆయన్ని కూడా తీసుకుని వచ్చి ఉండిపోతాను. గురువారం పొద్దున్నే షాపులో నాకో కుర్చీ వేసి ఉంచు.