తీర్థం తాగిన రాడ్లు

తెనాలిలో ఒక కమ్యూనిటీ కాలేజీలో వెల్డింగ్ నేర్పుతాను. పొద్దున రేపల్లె నుంచి రైల్లో వస్తాను, సాయంత్రం రైల్లోనే పోతాను. ఎదురుగా కూర్చున్నవాళ్ళు "ఏం చేస్తావు బాబూ" అంటే "కాలేజీలో పాఠం చెబుతానండి" అంటాను. వాళ్ళు కాళ్ళు సర్దుకుని చోటిస్తారు. "ఏ సబ్జెక్టు" అంటే "వెల్డింగండి" అంటాను. సర్దుకున్న కాళ్ళు మళ్ళీ యథాస్థానానికి వస్తాయి.

మా తరగతి గది కాలేజీ వెనక, సైకిల్ స్టాండు పక్కన, ఒక రేకుల షెడ్డు. ముందు భవనంలో కామర్సూ కంప్యూటర్లూ ఉంటాయి. బెంచీ కాలు ఊడితే తప్ప ఆ భవనానికి మేం గుర్తురాం. దసరాకి మాత్రం మా వైభోగం చూడాలి. ఆయుధపూజకి ఆయుధంలాంటిది ఏదో ఒకటి ఉండాలి కదా. కామర్సువాళ్ళకి ఉన్నవి కాలిక్యులేటర్లు. వాటి ముందు గుమ్మడికాయ కొడితే చూడ్డానికి బావుండదు. అందుకని ప్రిన్సిపాల్ గారు ఏటా పట్టుపంచె కట్టుకుని మా షెడ్డుకే వస్తారు.

నిరుటి దసరా గురించి చెప్పాలంటే ముందు మా బ్యాచ్‌లో ఉన్న ఒకే ఒక్క ఆడపిల్ల గురించి చెప్పాలి. రేపల్లె దిగువన సముద్రం ఒడ్డు ఊరు. నాన్న పడవ మీద వేటకి పోతాడు, అమ్మ చేపలమ్ముతుంది. పిల్ల చెయ్యి వణకదు. అతుకు వేస్తే జడ అల్లినట్టుంటుంది. పండగ మర్నాడు బాపట్ల నుంచి ఒక వర్క్‌షాపు మేస్త్రి వచ్చి, మా బ్యాచ్‌కి పరీక్ష పెట్టి, ఒకరిని పనిలోకి తీసుకుంటానన్నాడు. పడవలూ ట్రాక్టరు తొట్లూ బాగుచేసే వర్క్‌షాపు. ఆ పని దొరక్కపోతే సోమవారం నుంచి ఈ పిల్ల రొయ్యలు ఒలిచే షెడ్డుకి పోవాలి. మేనమామ అక్కడ మాట ఇచ్చేసి వచ్చాడు.

"రొయ్యలైతే తల తీసేస్తే చాలు సార్. మళ్ళీ అతికించమని ఎవరూ అడగరు" అంది. నవ్వలేదు. నేను నవ్వి, తర్వాత నవ్వకుండా ఉండాల్సిందనుకున్నాను.

దసరా రోజు నన్ను గుమ్మడికాయ తెమ్మని బజారుకి పంపారు. పెద్దది తెమ్మన్నారు కాబట్టి ఆలస్యమైంది. వచ్చేసరికి పూజ సగమైంది. మెషిన్‌కి బంతిపూల దండ, నుదురు ఎక్కడో తేలక నాలుగువైపులా బొట్లు. అంతవరకు మామూలే. కింద పీట మీద చూస్తే వెల్డింగ్ రాడ్లు. షెడ్డులో ఉన్న ప్యాకెట్లన్నీ విప్పి, అగరొత్తుల్లా పువ్వు ఆకారంలో పేర్చారు. పేర్చింది మా అటెండరు బాబాయి. ఆయన భక్తిలో లోపం లేదు. ప్రిన్సిపాల్ గారు మామిడాకుతో పసుపునీళ్ళు చల్లుతున్నారు. చల్లడం అంటే మనకి తెలిసిన చల్లడం కాదు, నారుమడికి పెట్టినట్టు పెడుతున్నారు. చివర కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు కూడా వాటిమీదే పోశారు.

వెల్డింగ్ రాడ్డుకి పైన మందు పూత ఉంటుంది. అది తడిసిందంటే రాడ్డు చిటపటలాడుతుంది, అతుకు నిండా బొక్కలు పడతాయి. మొదటివారం పాఠం ఇది.

"తడిసిపోయాయండి" అన్నాను.

"తీర్థమయ్యా అది" అన్నారు ప్రిన్సిపాల్ గారు. "తీర్థం తడేంటి?"

నా ఉద్యోగం ఏడాదికోసారి ఆయన సంతకంతో మళ్ళీ పుడుతుంది. అందుకని తీర్థం తడి కాదని ఒప్పుకున్నాను. పూజలో పెట్టినవి మర్నాటిదాకా కదపకూడదని షెడ్డుకి తాళం వేసి తాళంచెవి ఆయనే పట్టుకెళ్ళారు.

మర్నాడు మేస్త్రి రాకముందే ఆ పిల్లని ఒక అతుకు వేసి చూడమన్నాను. షెడ్డులో టపాకాయలు పేలినట్టు మోత. చల్లారాక చూస్తే అతుకంతా బొక్కలే. దోసె అయితే మెచ్చుకోవచ్చు.

జనం పోగయ్యారు. దిష్టి అన్నారు ప్రిన్సిపాల్ గారు. అటెండరు బాబాయి వెంటనే నిమ్మకాయా మిరపకాయలూ తెచ్చి మెషిన్‌కి కట్టాడు. ఆఫీసు సూపరింటెండెంట్ గారు గొంతు తగ్గించి, అందరికీ వినపడేలా, "పూజచేసిన యంత్రాన్ని ముందుగా ఆడపిల్ల చేత ముట్టించారు, అదండీ" అన్నారు.

"మా ఊళ్ళో పడవ కూడా అంతేనండి" అంది ఆ పిల్ల. "ఆడాళ్ళు ఎక్కకూడదు. అందులో వచ్చిన చేపల గంప మాత్రం మోయొచ్చు."

సూపరింటెండెంట్ గారికి ఆఫీసులో ఫోన్ మోగినట్టనిపించి వెళ్ళిపోయారు.

కొత్త రాడ్లు కొందామంటే బజార్లో ఇనప కొట్లవాళ్ళు కూడా తమ కొట్లకి పూజలు చేసుకుని తాళాలేసుకున్నారు. ఎండలో పెడదామంటే మబ్బు. రాడ్లు ఆరబెట్టే ఓవెన్ ఒకటి మాకుంది. తనిఖీకి వచ్చినవాళ్ళు తలుపు తీసి చూసి బావుందన్నారు. దానికి వైరు లేదని వాళ్ళు అడగలేదు, మేం చెప్పలేదు.

నేను సాధారణంగా ఎవరు డ్రామా మొదలెట్టినా కరెంటు తీసేసే రకం. ఆరోజు మాత్రం నేనే తెరెత్తాల్సి వచ్చింది.

"సార్, నీళ్ళు చల్లాం, కాయ కొట్టాం. అసలు పని చేయాల్సింది నిప్పు. దానికేం చేశామండి మనం?" అన్నాను.

ప్రిన్సిపాల్ గారు ఆలోచనలో పడ్డారు.

"రాడ్లని ఒకసారి అగ్నికి చూపించి తెస్తానండి. దిష్టి ఉంటే అక్కడే పోద్ది."

"ఆ మాట నిన్ననే చెప్పకూడదటయ్యా?" అన్నారు ఆయన.

నేనూ ఆ పిల్లా రాడ్లు మోసుకుని గేటు ఎదురుగా ఉన్న టిఫిన్ బండి దగ్గరికి పోయాం. బండి నడిపే పిన్నిగారు మా ఇద్దరినీ, రాడ్లనీ, వెనకాల కుంకుమ భరిణెతో వస్తున్న ప్రిన్సిపాల్ గారినీ చూసింది.

"నా దోసెల పెనం మీద ఈ ఇనప పుల్లలు పెట్టావంటే, అట్లకాడ నీ వీపు మీద పెడతాను అబ్బాయ్" అంది.

"పాతదేమైనా ఉందా పిన్నిగారూ? ఈ పిల్లకి పరీక్ష ఉంది."

పిన్నిగారు పిల్ల మొహం చూసింది. బండి కింద నుంచి అంచు విరిగిన పాత పెనం లాగి, రెండో పొయ్యి మీద పెట్టింది. "మాడనివ్వకండి. మంట తగ్గించి దొర్లిస్తా ఉండండి" అని అట్లకాడ ఆ పిల్ల చేతికిచ్చింది. ప్రిన్సిపాల్ గారు చేతులు జోడించి నిలబడ్డారు. టిఫిన్‌కి వచ్చినవాళ్ళలో కొందరు ఎందుకైనా మంచిదని చెప్పులు విడిచారు.

పక్కన బల్ల మీద ఒకాయన ఇడ్లీ తింటూ ఇదంతా చూస్తున్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, "ఏంటండీ ఇది?" అన్నాడు.

"అగ్నిపూజ" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"మా బాపట్లలో దీన్ని రాడ్లు ఆరబెట్టడం అంటామండి" అన్నాడాయన. పరీక్ష పెట్టడానికి వచ్చిన మేస్త్రి ఆయనే.

పరీక్ష షెడ్డులోనే జరిగింది. అందరి అతుకులూ అయ్యాక, మేస్త్రి ఒక్కో ప్లేటునీ వైసులో బిగించి, అతుకు దగ్గర వంగేదాకా సమ్మెటతో కొట్టాడు. కొన్ని విరిగాయి, కొన్ని బీటలిచ్చాయి. ఈ పిల్ల ప్లేటు గాజులా గుండ్రంగా వంగింది గాని అతుకు విడలేదు. మేస్త్రి వేలితో తడిమి, "సోమవారం రామ్మా" అన్నాడు. పిల్ల తల ఊపింది. బయటికొచ్చి కుళాయి దగ్గర మొహం చాలాసేపు కడుక్కుంది. నేను సైకిల్ స్టాండులో సైకిళ్ళు చూస్తూ నిలబడ్డాను. నాకు సైకిల్ లేదు.

విజయం ఎవరిదన్నదానికి కాలేజీలో పోటీ రాలేదు. నిమ్మకాయదే అని తేలింది. ఎండి నల్లబడినా దాన్ని ఇప్పటికీ తియ్యనివ్వరు.

ఈ ఏడాది దసరాకి పిన్నిగారి పాత పెనానికి కూడా దండ వేశారు. "పూజ చేసుకుంటే చేసుకోండి, నీళ్ళు మాత్రం చల్లకండి, తుప్పు పట్టుద్ది" అంది ఆవిడ. ఆవిడ మాట విన్నారు. ఆవిడ ఉద్యోగానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు.

ఆ సాయంత్రం రైల్లో ఉండగా బాపట్ల నుంచి ఆ పిల్ల ఫోన్ చేసింది.

"ఇక్కడా పూజ అయింది సార్. మా ఓనరు గారు బిందెడు చల్లారు."

"మరి రాడ్లు?"

"నా అన్నం సంచిలో ఉన్నాయి. పళ్ళెంలో అగరొత్తులు పేర్చాను."

"ఎవరూ కనిపెట్టలేదా?"

"లేదు సార్. అందరూ దణ్ణం పెట్టుకున్నారు."